పసరు, తిత్తి, రాయి

హనుమకొండలో స్కానింగ్ చేయించుకొచ్చి మా పెద్దమ్మ ఆ కాగితం నా చేతిలో పెట్టింది. "జర సూడు బిడ్డా, గింత పొడుగు పేరున్న రోగమా నాది?" రోగం పేరు కోలెలిథియాసిస్. కింద డాక్టరు రాసిన ఆపరేషన్ పేరు ఇంకా పొడుగు: లాపరోస్కోపిక్ కోలెసిస్టెక్టమీ.

ఇట్లాంటి మాటలను బడిలో సంధి విడదీసినట్టే విడదీయాలి. గ్రీకులో కోలె అంటే పసరు, అదే పిత్తం. లిథోస్ అంటే రాయి. ఇయాసిస్ అనేది 'ఫలానా బాధ ఉంది' అని చెప్పే తోక. పసరుతిత్తిలో రాళ్లు, అంతే సంగతి.

రాయి మనకు కొత్తా? ఓరుగల్లు పేరులో ఉన్నదీ అదే. ఒరు అంటే ఒకటి, కల్లు అంటే రాయి. అందుకే సంస్కృతంలో ఏకశిలానగరం అన్నారు. ఆ కల్లును తాటికల్లు అనుకుంటే మాత్రం కథ ఎటో పోతుంది. వైద్యం మాటల్లోనూ ఈ తిప్పలున్నాయి. ఆర్థోపెడిక్‌లోని 'పెడ్' పాదమనే చాలామంది అనుకుంటారు. కాదు, పిల్లవాడు! ఆర్థోస్ అంటే తిన్ననిది. పిల్లల ఒంట్లో వంకరలు సరిచేసే విద్యకు 1741లో నికొలా ఆండ్రీ అనే ఫ్రెంచి వైద్యుడు పెట్టిన పేరది. ఇప్పుడు ముసలివాళ్ల మోకాళ్లకూ అదే బోర్డు.

పెద్దమ్మకు ఇదంతా పట్టలేదు. "తిత్తి మొత్తమే తీస్తరా, రాళ్లు తీసి కుట్టేస్తరా?" అని అడిగింది.

జవాబు ఆ మాటలోనే ఉంది. ఆపరేషన్ పేరును వెనక నుంచి చదవాలి. ఎక్టమీ అంటే కోసి బయటికి తీసేయడం. ఉత్త 'టమీ' అయితే కోసి తెరవడమే. 'ఆస్టమీ' అయితే కొత్తగా నోరు పెట్టడం. పేగును పొట్ట మీదికి తెచ్చి దారి చేసే కొలాస్టమీ అట్లాంటిదే. ఇక్కడ ఎక్టమీకి ముందున్నది సిస్ట్, అంటే తిత్తి. కాబట్టి పోయేది తిత్తే. రాళ్లు మాత్రమే తీసేదైతే లిథో, టమీ కలిసిన వేరే పేరు రాసేవారు. ఇక లాపరా అంటే డొక్క, స్కోప్ అంటే చూసేది. చిన్న రంధ్రంలోంచి గొట్టం పంపి, లోపల చూస్తూ చేసే పని.

లాపర్, స్కోప్ మధ్య ఆ 'ఓ' ఎందుకంటారా? పలకడానికి. మాయమ్మలో 'య' వచ్చి కూర్చున్నట్టే. తర్వాత అచ్చు వస్తే దాంతో పని లేదు: గ్యాస్ట్రోస్కోపీలో ఉంటుంది, గ్యాస్ట్రైటిస్‌లో ఉండదు.

"తిత్తి తీస్తే పసరేమైతది?" పెద్దమ్మ వదల్లేదు. ఈసారి మన మాటే అక్కరకొచ్చింది: పిత్తాశయం. జలాశయంలో నీళ్లు పుడతాయా? నిలుస్తాయి. పసరు చేసేది కాలేయం. తిత్తి లేకుంటే అది నేరుగా పేగులోకి జారుతుంది. ఇక రాళ్లెంత పెద్దవి, ఆపరేషన్ ఎంత తొందర అన్నది ఏ పేరూ చెప్పదు. అది డాక్టర్నే అడగాలని చెప్పాను.

ఆపరేషన్ అయ్యాక రాళ్లను చిన్న సీసాలో వేసిచ్చారు. పసుపుపచ్చగా, శనగగింజలంత. ఇట్లాంటివి ఎక్కువగా కొలెస్టరాల్ రాళ్లే. కోలె పసరు, స్టెరియోస్ గట్టిది. రక్తపరీక్షలో మనం భయంగా వెతుక్కునే ఆ పదార్థం 18వ శతాబ్దంలో మొదట దొరికింది పసరురాళ్లలోనే. 1815లో షెవ్రల్ అనే ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త ఆ గుర్తుతోనే పేరు పెట్టాడు. చివరి 'ఆల్' ఆల్కహాల్ జాతిదని చెప్పే తోక.

"అంటే కల్లేనన్నట్టు" అంది పెద్దమ్మ, సీసా ఊపుతూ.