సింక్ అంటే బ్యాకప్ కాదు మహాప్రభో!

మాది రాయగడ. క్లౌడ్ స్టోరేజీలోకి ఫైళ్లు సింక్ చేసే, అంటే ఇక్కడ ఎలా ఉన్నాయో అక్కడా అలాగే ఉండేలా సరిచేసే, ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ కనిపించే) ప్యాకేజీని చూసుకునే నలుగురు మెయింటెయినర్లలో నేనొకణ్ణి. జీతం లేని కొలువు. తరచూ వినపడే అపోహలు కొన్ని చెబుతాను.

అపోహ: సింక్ పెట్టేశాం, ఇక ఫైళ్లకు ఢోకా లేదు.

వాస్తవం: మా వీధిలో ఫొటో స్టూడియో బాబాయ్ పెళ్లి ఫొటోలన్నీ బయటి హార్డ్ డిస్క్‌లో ఉంచి, రోజూ రాత్రి క్లౌడ్‌కి సింక్ అయ్యేలా పెట్టుకున్నాడు. ఓ రోజు డిస్క్ కేబుల్ ఊడింది. దాని స్థానంలో ఖాళీ ఫోల్డర్ మిగిలింది. ఇక్కడ ఏమీ లేదు కనుక అక్కడా ఉండకూడదని సింక్ క్లౌడ్‌ని శుభ్రంగా ఊడ్చేసింది. "ఏరా, నీ సాఫ్ట్‌వేర్ నా కొంప ముంచింది!" అంటూ పొద్దున్నే వచ్చాడు. "ముందు ఆ కేబుల్ పెట్టు బాబాయ్" అన్నాను. డిస్క్‌లో ఫొటోలు ఉన్నాయి కాబట్టి ఇద్దరం బతికిపోయాం. అదే డిస్క్ పాడై ఉంటేనో? ఇక్కడ పోయినా అక్కడ మిగిలే విడి ప్రతి ఉంటేనే అది బ్యాకప్.

ఫైళ్లు సింక్ చేసే ప్రోగ్రాముల్లో, 1996లో వచ్చిన ఆర్‌సింక్, డిలీట్ అని విడిగా చెబితే తప్ప అవతల ఏదీ చెరపదు. క్లౌడ్ కోసం వాడే మరో ప్రోగ్రామ్ ఆర్‌క్లోన్‌లో సింక్ అంటేనే చెరపడం కూడా; చెరపకూడదంటే కాపీ వాడాలి. ఒకదాని అలవాటుతో రెండోది వాడితే ఇంతే సంగతులు. ముందు డ్రై రన్ (ఏదీ మార్చకుండా ఉత్తుత్తి పరుగు) చేసి ఏం పోతుందో చూసుకోండి, ఇన్నిటికి మించి చెరపొద్దని హద్దు కూడా పెట్టండి. బాబాయ్ దెబ్బకి మా ప్యాకేజీలో, మూలం ఖాళీగా కనిపిస్తే ఆగిపోయేలా మార్చాం.

అపోహ: పేరు ఒకటైతే ఫైలూ ఒకటే.

వాస్తవం: అసలు తలనొప్పి ఇదే. గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్‌లో ఒకే పేరుతో రెండు ఫైళ్లుండొచ్చు. వన్‌డ్రైవ్‌కి ఇంగ్లిష్ పెద్ద అక్షరాలూ చిన్న అక్షరాలూ ఒకటే. మన లిపులైతే ఇంకో మెట్టు పైన. ఒకాయన 'రైతు' అని ఉన్న ఫోల్డర్ రోజూ కొత్తగా ఎక్కుతోందని రాశాడు. మూడు సాయంత్రాలు తల పట్టుకున్నాక బైట్లు విప్పి చూస్తే, ఒకవైపు ఐత్వానికి 3 బైట్లు, రెండోవైపు 6. అక్షరాలకు కోడ్ అంకెలిచ్చే ప్రమాణమైన యూనికోడ్‌లో ఐత్వాన్ని ఒకే కోడ్‌గా రాయొచ్చు, ఎత్వానికి ఇంకో గుర్తు చేర్చి రెండు కోడ్‌లుగానూ రాయొచ్చు. కంటికి తేడా తెలియదు. మా రాయగడను ఒడియాలో రాసినా, చుక్క ఉన్న డకారంతో అదే గొడవ. ఇప్పుడు పోల్చే ముందు రెండు పేర్లనీ ఒకే రూపానికి తెస్తున్నాం.

అన్నట్టు, లినక్స్‌లో మామూలుగా ఫైలు పేరుకి హద్దు 255 బైట్లు. 'శ్రీకాకుళం' ఒక్కటే 30 తినేస్తుంది. శుభలేఖంత పేర్లు పెట్టకండి.

అపోహ: మెయింటెయినర్ అంటే రోజంతా కోడ్ రాసేవాడు.

వాస్తవం: కోడ్ రాసేది ఎప్పుడో. మిగతాదంతా ఉత్తరాలు చదవడమే. "పని చెయ్యట్లేదు" అని ఒక్క ముక్క రాస్తారు, డాక్టరు దగ్గరకెళ్లి "బాలేదు" అని ఊరుకున్నట్టు. ఏ వెర్షనో, ఏ కమాండో, ప్రోగ్రామ్ రాసుకునే చిట్టా అయిన లాగ్‌లో ఏముందో మనమే అడిగి లాగాలి. అడిగితే కొందరు మరీ ఉదారంగా కాన్ఫిగ్ (సెట్టింగుల) ఫైలు మొత్తం అందరికీ కనిపించేలా పెట్టేస్తారు. అందులో టోకెన్ ఉంటుంది, అంటే ఇంటి తాళంచెవే. మొన్న ఒకాయన అలాగే పెడితే, ముందు ఆ టోకెన్ రద్దు చేయించి, తర్వాతే బగ్ జోలికి వెళ్లాను. బగ్ కూడా లేదు, కంప్యూటర్లో తేదీ తప్పు.