నూనె ట్రాక్‌కు కాదు, ఇరుసుకు

విజయవాడ పటమట నుంచి ఒక పాఠకురాలు అడిగిన ప్రశ్న ఇది. బాల్కనీకి ఉన్న అద్దాల స్లైడింగ్ డోర్ కొత్తలో వేలితో తోస్తే జరిగేదట. ఇప్పుడు భుజం ఆనించి నెట్టాల్సి వస్తోంది. అల్యూమినియం పని చేసే అతను వచ్చి చూసి, ట్రాక్ పోయింది, ఫ్రేమ్‌తో సహా మార్చాలన్నాడు. అత్తగారు ట్రాక్‌లో కొబ్బరినూనె పొయ్యమన్నారు. ఎదురు ఫ్లాట్ వాళ్ళు నైరుతి వైపు తలుపు బిగుసుకోవడం ఇంటికి మంచిది కాదు, ముందు వాస్తు చూపించుకోండి అన్నారు. ఇందులో ఏది నిజం?

మూడూ కాదు. చూడాల్సింది తలుపు అడుగున కనపడకుండా ఉండే రెండు చిన్న చక్రాలను. నాకు ఈ చక్రాలంటే చాలా ఇష్టం. ఎందుకంటే బడిలో ఒక్క వాక్యంతో దాటేసే ‘దొర్లుడు ఘర్షణ’ అనే పాఠం మొత్తం వీటిలో ఉంది.

ముందు బరువు సంగతి. అద్దం ఒక చదరపు మీటరుకు, ప్రతి మిల్లీమీటరు మందానికి, రెండున్నర కిలోలు తూగుతుంది. మీటరు వెడల్పు, 2.1 మీటర్ల ఎత్తు, 5 మి.మీ. మందం ఉన్న అద్దం 26 కిలోలు. చుట్టూ ఉన్న అల్యూమినియం కలిపితే షట్టర్, అంటే జరిగే తలుపు పలక, 30 కిలోలు అనుకుందాం. అడుగున రెండు చక్రాలు (రోలర్లు) ఉంటాయి కాబట్టి ఒక్కోదాని మీద 15 కిలోలు. రోలర్ వ్యాసం 24 మి.మీ., అంటే వ్యాసార్ధం 12 మి.మీ. అనుకుందాం. ఇక ముందు లెక్కలన్నీ ఈ అంకెలతోనే.

అసలు చక్రం ఏం చేస్తుంది? ఘర్షణను మాయం చెయ్యదు. దాన్ని నేల దగ్గర నుంచి ఇరుసు దగ్గరకు మారుస్తుంది. చక్రం ట్రాక్ మీద జారదు, దొర్లుతుంది. జారేది ఇరుసు దగ్గర. ఇరుసు వ్యాసార్ధం రెండున్నర మిల్లీమీటర్లు, చక్రానిది 12 కాబట్టి, ఇరుసు దగ్గర పుట్టే ఘర్షణ మన చేతికి చేరేసరికి దాదాపు ఐదో వంతుకు తగ్గిపోతుంది. ఘర్షణ గుణకం, అంటే బరువులో ఎన్నో వంతు ఘర్షణ పుడుతుందో చెప్పే అంకె, 0.2 ఉంటే ఇరుసు దగ్గర 3 కిలోల ఘర్షణ, చేతికి తెలిసేది 0.6 కిలో. రెండు చక్రాలకూ కలిపి కిలో పైచిల్లర. బేరింగ్ ఉన్న రోలర్ అయితే అంతకన్నా చాలా తక్కువ. 30 కిలోల తలుపు వేలికి జరగడంలోని కిటుకు ఇదే. కానీ దీనికి ఒక షరతు ఉంది: ట్రాక్ దగ్గర చక్రానికి పట్టు ఉండాలి, ఇరుసు దగ్గర ఉండకూడదు. ఈ రెండూ తారుమారైన రోజున తలుపు మొరాయిస్తుంది.

తారుమారు చేసేవాటిలో మొదటిది ఇసుక. ఎండాకాలం సాయంత్రాలు గాలి దుమారం లేచినప్పుడు బెజవాడలో బాల్కనీ నేల మీద చెయ్యి పెట్టి చూడండి, గరగరలాడుతుంది. అర మిల్లీమీటరు రేణువు ఒకటి చక్రానికి ఎదురైందనుకుందాం. దాన్ని దాటాలంటే చక్రం ఆ రేణువు కొనను ఆధారంగా చేసుకుని పైకి తిరగాలి. బరువు వెనక్కి లాగుతుంది, మన తోపు ముందుకు తిప్పుతుంది. రేణువు కొన నుంచి కొలిస్తే బరువుకు దొరికే అడ్డ దూరం 3.4 మి.మీ., తోపుకు దొరికే నిలువు దూరం 11.5 మి.మీ. భాగిస్తే 0.3. అంటే చక్రం మోస్తున్న 15 కిలోల్లో దాదాపు 30 శాతం, నాలుగున్నర కిలోల బలంతో తోస్తేనే అది ఎక్కుతుంది. అర మిల్లీమీటరు ఇసుక రేణువుకే! అదే బరువు, సైకిల్ చక్రమంత ఉన్న గట్టి చక్రం మీద ఉంటే కిలో కన్నా తక్కువ బలం చాలు. చక్రం చిన్నదయ్యే కొద్దీ చిన్న అడ్డంకే కొండవుతుంది. దొర్లుడు నిరోధం బరువు పెరిగితే పెరుగుతుందనీ, చక్రం పెద్దదైతే తగ్గుతుందనీ ఫ్రెంచ్ శాస్త్రవేత్త కూలూమ్ చెక్క రోలర్లతో ప్రయోగాలు చేసి 1785లో ప్రచురించాడు. మన పిల్లలకు ఆయన విద్యుదావేశాల సూత్రంతోనే పరిచయం.

ఇంకో సంగతి చూడండి. హ్యాండిల్ నేల నుంచి మీటరు ఎత్తులో ఉంటుంది. అక్కడ పట్టుకుని తోస్తే తలుపు ముందుకు ఒరగడానికి చూస్తుంది. అంటే వెనక చక్రం మీది బరువు కొంత ముందు చక్రం మీదకు వస్తుంది. చక్రాల మధ్య 80 సెం.మీ. దూరం ఉంటే, మనం వేసే ప్రతి కిలో బలానికీ ముందు చక్రం మీద కిలోంబావు బరువు పెరుగుతుంది. ఎంత గట్టిగా తోస్తే అంత గట్టిగా ఆ చక్రం రేణువుకు అదుముకుంటుంది. లెక్క కడితే అదే రేణువును దాటించడానికి హ్యాండిల్ దగ్గర 7 కిలోలకు పైగా కావాలి, నేలకు దగ్గరగా తోస్తే నాలుగున్నర చాలు. కాబట్టి తలుపు ఇరుక్కుంటే వంగి కింద తోయండి. భుజం ఆనించవద్దు.

ఇంటర్ ఫిజిక్స్‌లో లాన్ రోలర్‌ను నెట్టడం కన్నా లాగడం ఎందుకు తేలిక అనే ప్రశ్న ఉంటుంది. మన పిల్లలు దాన్ని బొమ్మతో సహా బట్టీపట్టి రాస్తారు. గుంటూరులో లాన్ రోలర్ చూసిన పిల్లలు ఎంతమంది ఉంటారు? హాస్టల్ కిటికీ కింద రోలర్ మాత్రం ప్రతి గదిలో ఉంది. ఒక హుక్ కాటా ఇచ్చి, షట్టర్‌ను ఒకసారి పైనుంచీ ఒకసారి కిందనుంచీ లాగించి చూపిస్తే ఆ పాఠం జన్మలో మరచిపోరు. మంచి పాఠాలు గోడకే బిగించి ఉన్నాయి, మనం వాటిని వాడుకోవడం లేదు.

ఇక అసలు విషయానికి వస్తాను. ఇసుకను తుడిస్తే పోతుంది. చదునైపోయిన చక్రం తుడిస్తే బాగుపడదు.

విజయవాడ జంక్షన్లోకి వచ్చే గూడ్స్ బండిని వింటే ఒక్కోసారి ఏదో ఒక వ్యాగన్ దగ్గర టకటకమని, వేగంతో పాటు మారే దెబ్బ వినిపిస్తుంది. బ్రేకు పట్టేసి చక్రం తిరగకుండా పట్టాల మీద ఈడ్చుకుపోయినప్పుడు కింద ఆనిన చోట అరిగి చదునవుతుంది. రైల్వేవాళ్ళు దాన్ని ఫ్లాట్ అంటారు. మన రోలర్‌కు జరిగేదీ ఇదే. ఇరుసుకు తల వెంట్రుకలు, కర్టెన్ దారాలు, దూది పీచు చుట్టుకుంటాయి. వాటికి జిడ్డు, దుమ్ము కలిసి గట్టిపడతాయి. ఇరుసు బిగుసుకుంటుంది, చక్రం తిరగడం మానేసి ఈడ్చుకుపోతుంది.

రైలు చక్రం ఫ్లాట్ పడినా మళ్ళీ తిరుగుతుంది. ఎలా అంటే, చదునైన భాగం 5 సెం.మీ. వెడల్పు ఉన్నా, దాని మీద నుంచి చక్రం లేవడానికి అది మోసే బరువులో 5 నుంచి 6 శాతం బలం చాలు. పట్టాలు ఎండి ఉన్నప్పుడు ఉక్కుకు ఉక్కు ఇచ్చే పట్టు అంతకు ఎన్నో రెట్లు. తక్కువ బలంతో అయ్యే పనే జరుగుతుంది కాబట్టి చక్రం జారదు, లేచి తిరుగుతుంది. మన నైలాన్ రోలర్ సంగతి వేరు. ట్రాక్ మీద దాని ఘర్షణ గుణకం 0.25 అనుకుందాం. చదునైన భాగం 6 మి.మీ. వెడల్పుకు చేరితే, దాని అంచు మీదుగా చక్రం లేవడానికి కావలసిన బలం బరువులో నాలుగో వంతు దాటుతుంది. జారడానికి నాలుగో వంతే చాలు. అప్పటి నుంచి ఆ చక్రం ఇరుసు ఎంత నున్నగా ఉన్నా తిరగదు. ప్రతిసారీ ఈడ్చుకుపోతుంది, ఇంకా అరుగుతుంది. ఆ 6 మి.మీ. చదునుకు ఎంత లోతు అరగాలి? 0.4 మి.మీ. కూడా కాదు. అర మిల్లీమీటరు కన్నా తక్కువ అరుగుదలతో ముప్పై కిలోల తలుపు చక్రాల బండి నుంచి స్లెడ్జిలా మారిపోతుంది.

ఇప్పుడు కొబ్బరినూనె సంగతి. ట్రాక్ మీద నూనె పోస్తే ఏమవుతుంది? చక్రానికి, ట్రాక్‌కు మధ్య పట్టు తగ్గుతుంది. గుణకం 0.1కి పడిపోతే, చక్రం తిరగకుండా జారడానికి 2.4 మి.మీ. చదును చాలు. అంత చదును పడటానికి 0.06 మి.మీ. అరిగితే సరి. నూనె పోసిన రోజు తలుపు హాయిగా జరుగుతుంది, నిజమే. కానీ అది తిరగడం కాదు, జారడం. జారే ప్రతిసారీ చక్రం అరుగుతుంది. పైగా నూనెకు ఇసుక అంటుకుంటుంది. ఇసుకలోని క్వార్ట్జ్ గట్టిదనం మోస్ కొలమానంలో 7, అల్యూమినియం 3 లోపే. రేణువు మెత్తటి నైలాన్‌లో దిగబడి, అక్కడి నుంచి ట్రాక్‌ను గీరుతుంది. రైలింజన్లలో ఇసుక పెట్టెలుంటాయి. వాన పడి పట్టాలు జారుతుంటే చక్రాల ముందు ఇసుక చల్లి పట్టు తెచ్చుకుంటారు. వాళ్ళు పట్టు పెంచుకోవడానికి చల్లేదాన్ని మనం నూనెతో కలిపి ట్రాక్‌లో నిలవ ఉంచుకుంటున్నాం! కాబట్టి నూనె ట్రాక్‌కు కాదు, ఇరుసుకు. అదీ వంటనూనె కాదు, జిడ్డు మిగల్చని సిలికాన్ స్ప్రే.

ఎండకు వ్యాకోచించి బిగుసుకుంటుందని చాలామంది అంటారు. రెండు మీటర్ల అల్యూమినియం, 25 డిగ్రీలు వేడెక్కితే 1.15 మి.మీ. పెరుగుతుంది. ఫ్రేమ్ కూడా దాంతోపాటే పెరుగుతుంది కాబట్టి ఇబ్బంది తక్కువ. తలుపులకు వాడే గట్టి ప్లాస్టిక్ యూపీవీసీ అయితే దాదాపు మూడు రెట్లు పెరుగుతుంది. పడమటి ఎండ తగిలే ముదురు రంగు యూపీవీసీ షట్టర్ బయటి వైపు ఎక్కువ వేడెక్కి విల్లులా వంగే మాట వాస్తవమే. సాయంత్రం చల్లబడ్డాక తలుపు మామూలుగా జరిగితే అది వేడి పని. పొద్దున్నే కూడా బిగువుగానే ఉంటే చక్రం పని.

వాస్తు గురించి ఒక మాట. నైరుతిలో ఉన్నా ఈశాన్యంలో ఉన్నా వెంట్రుక చుట్టుకున్న ఇరుసు ఒకేలా బిగుస్తుంది. దోషం పేరుతో నెలలు గడిపితే చక్రం ఇంకా అరిగి, చివరికి ట్రాక్ నిజంగానే పాడవుతుంది. మంటలు లేచినప్పుడు బాల్కనీయే బయటపడే దారి కావచ్చు. అది తెరుచుకోకపోవడం కన్నా పెద్ద దోషం ఏముంది? గడపకు పసుపు రాయడం అందమైన అలవాటు, చెక్క గడపకు రాయండి. ట్రాక్ మీద పసుపు, పిండిముగ్గు పెడితే ఆ పొడి తడికి ముద్దై గాడిలో గట్టిపడుతుంది. అలాగే గృహప్రవేశానికి ముందు టైల్స్ మీద పోసే యాసిడ్ ట్రాక్ మీద పడకూడదు. అల్యూమినియం మీద ఉండే రక్షణ పొరను అది తినేస్తుంది.

శుభ్రం చేసేటప్పుడు వరస ముఖ్యం. ముందు పొడిగా, తరవాతే తడిగా. పాత టూత్‌బ్రష్‌తో గీరి, వాక్యూమ్‌తో లాగేసి, ఆపైన తడిగుడ్డతో తుడవాలి. ముందే నీళ్ళు పోస్తే దుమ్ము బురదై మూలల్లోకి పోతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు నీళ్ళు సింగ్ నగర్ ఇళ్ళలోకి వచ్చినప్పుడు తెచ్చిన లాంటి ఒండ్రు మరీ కష్టం. అది ఇసుక కన్నా ఎంతో సన్నం, బేరింగ్ లోపలికే పోతుంది. అలా మునిగిన రోలర్లను కడుగుతూ కూర్చోవద్దు, మార్చేయండి.

చక్రం చదునైందో లేదో తెలియాలంటే షట్టర్ దించాలి. ఇద్దరు కావాలి. షట్టర్ కింది పట్టీ అంచున చిన్న ప్లాస్టిక్ మూత వెనక స్క్రూ ఉంటుంది. దాన్ని తిప్పితే చక్రం లోపలికి పోయి షట్టర్ కిందికి దిగుతుంది. తిప్పేటప్పుడు రెండో మనిషి షట్టర్‌ను కాస్త ఎత్తి పట్టాలి, లేకపోతే 15 కిలోల బరువు మీద స్క్రూ తల చెడిపోతుంది. పైన తలుపు లేవకుండా పెట్టిన అడ్డుముక్క ఉంటే తియ్యాలి. తరవాత షట్టర్‌ను పై గాడిలోకి ఎత్తి, అడుగు భాగాన్ని గదిలోకి లాగితే వచ్చేస్తుంది. టఫెన్డ్ (వేడిచేసి గట్టిపరచిన) అద్దం మధ్యలో దెబ్బను బాగా తట్టుకుంటుంది, అంచున మాత్రం తట్టుకోదు. టైల్ మూలకు తగిలితే మొత్తం పలుకులవుతుంది. దుప్పటి మీదే పెట్టండి.

రోలర్‌ను వేలితో తిప్పండి. వెంట్రుకలు బ్లేడుతో కోసి తీశాక తేలిగ్గా తిరిగి, చదును లేకపోతే అదే పనికొస్తుంది. చదును కనిపిస్తే రెండూ మార్చాలి, ఒకటి మారిస్తే ఎత్తు తేడా వచ్చి తలుపు వాలుతుంది. పాతదాన్ని జేబులో వేసుకుని వన్‌టౌన్ హార్డ్‌వేర్ షాపులకు వెళ్ళండి. వ్యాసంతో పాటు చక్రం అంచున గాడి ఆకారం కూడా కలవాలి. తిరిగి బిగించాక చౌకట్టుకూ షట్టర్‌కూ మధ్య సందు పైనా కిందా సమానంగా వచ్చేదాకా రెండు స్క్రూలనూ అరచుట్టు చొప్పున సరిచెయ్యాలి. చివరగా హుక్ కాటాతో కింది నుంచి లాగి చూడండి. కిలోన్నర లోపు జరిగితే బాగున్నట్టే.

షట్టర్ దించిన రోజే బయటి గాడిలో నీరు పోయే రంధ్రాలను కూడా పుల్లతో పొడవండి. గంటకు 60 కిలోమీటర్ల గాలి అద్దాన్ని తోసే ఒత్తిడి 17 మి.మీ. నీటి మట్టానికి సమానం. అంటే తుపాను వానలో గాలి ఆ నీటిని బయటికి పోనివ్వకుండా గాడిలో 17 మి.మీ. ఎత్తున నిలబెట్టగలదు. లోపలి అంచు బయటి అంచు కన్నా ఎత్తుగా చేసేది అందుకే. రంధ్రాలు పూడితే గాలి తగ్గినా నీరు దిగదు, లోపలి అంచు దాటి హాల్లోకి వస్తుంది.