చిన్న విమానాల్లో ఇంధనం, అత్యవసర ల్యాండింగ్: అపోహలు - వాస్తవాలు

చిన్న విమానాలు నడపడం నేర్పడం నా పని. కొత్తగా వచ్చినవాళ్లకు ఇంజన్ ఆగిపోతుందేమోనన్న భయం ఎక్కువ, ఇంధనం విషయంలో ధీమా ఎక్కువ. నాకు టెన్షన్ పెట్టేది ఆ ధీమానే.

అపోహ: గేజ్‌లో సగం చూపిస్తోంది, చాలు.
చాలా చిన్న విమానాల్లో గేజ్ ముల్లును కదిలించేది ట్యాంకులో తేలే బెండు. విమానం ఊగితే ముల్లూ ఊగుతుంది. అందుకే రెక్క మీది మూత తీసి డిప్‌స్టిక్ (కొలత గీతలున్న కడ్డీ) ముంచి చూస్తాం. ఒక ఉదయం గేజ్ సగానికి పైనే చూపించింది. నా విద్యార్థి డిప్‌స్టిక్ ముంచి తీస్తే తడి పావు గీత దగ్గరే ఆగిపోయింది. ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల్లో వాడే పెట్రోలు) ఇట్టే ఆరిపోతుంది కదా, సరిగ్గా చూడలేదేమోనని మళ్లీ ముంచాడు. అదే గీత. ఇంధనం పోయించాకే బయల్దేరాం.

ట్యాంకు అడుగు నుంచి కూడా కొంచెం గాజు గొట్టంలోకి పట్టి చూడాలి. నీళ్లుంటే నీలం రంగు ఏవ్‌గ్యాస్ కింద తేటగా విడిగా కనిపిస్తాయి.

అపోహ: వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి. చెల్లుకు చెల్లు.
కాదు. 100 నాట్లతో, అంటే గంటకు 100 నాటికల్ మైళ్ల వేగంతో (ఒక నాటికల్ మైలు దాదాపు 1.85 కిలోమీటర్లు) వెళ్లే విమానం 200 నాటికల్ మైళ్లు వెళ్లి రావడానికి గాలి లేకపోతే 4 గంటలు. 20 నాట్ల గాలి ఉంటే వెళ్లడానికి రెండున్నర గంటలు, రావడానికి గంటా 40 నిమిషాలు. 10 నిమిషాలు అదనం. ఎదురుగాలిలో ఉండే సమయమే ఎక్కువ మరి. నేను ఇంధనాన్ని లీటర్లలో కాదు, నిమిషాల్లో లెక్కపెట్టమంటాను. పగలు విజువల్‌గా, అంటే బయటకు కళ్లతో చూస్తూ ఎగిరేవారికి అమెరికా నిబంధన 30 నిమిషాల రిజర్వ్ (గమ్యం చేరాక మిగలాల్సిన ఇంధనం), రాత్రి 45. అది కనీసం మాత్రమే. నా విద్యార్థులు గంట ఉంచుకోవాలి.

అపోహ: ఇంజన్ ఆగితే విమానం రాయిలా పడిపోతుంది.
పడదు, జారుకుంటూ దిగుతుంది. సెస్నా 172 అనే చిన్న విమానం వెయ్యి అడుగుల ఎత్తుకు దాదాపు ఒకటిన్నర నాటికల్ మైళ్లు వస్తుంది. ముందు ముక్కు దించి గ్లైడ్ వేగం (ఇంజన్ లేకుండా బాగా జారగలిగే వేగం) పట్టాలి, చోటు చూసుకోవాలి, ఆ తర్వాతే కారణం వెతకాలి. కుడి, ఎడమ ట్యాంకులు చేత్తో మార్చుకునే విమానాల్లో ఒకటి ఖాళీ అయి, రెండోదాంట్లో ఇంధనం ఉండగానే ఇంజన్ ఆగిన సందర్భాలు చాలా ఉన్నాయి.

అపోహ: రన్‌వే లేదా రోడ్డు దొరికితేనే బతుకుతాం.
రోడ్డు పక్కన కరెంటు తీగలు పైనుంచి కనిపించవు. చదునైన పొలమే చాలాసార్లు మేలు. నేలను తాకే వేగం 60 నాట్ల నుంచి 40కి తగ్గితే దెబ్బ శక్తి సగానికంటే తగ్గిపోతుంది. అందుకే గాలికి ఎదురుగా, స్టాల్ కాకుండా (అంటే ముక్కు మరీ పైకి లేచి రెక్కలు విమానాన్ని మోయలేని స్థితి రాకుండా), అదుపులో ఉంచి దించాలి. ఎలాగైనా రన్‌వే అందుకోవాలని ముక్కు పైకి లాగి స్టాల్ చేసుకోవడం అన్నిటికంటే ప్రమాదం.

అపోహ: ఇంధనం అయిపోవస్తున్నప్పుడు, ఇంజన్ నడుస్తుండగానే పొలంలో దిగడం పిరికితనం.
నా దృష్టిలో అదే మంచి నిర్ణయం. ఇంజన్ ఉంటే ఒకసారి పొలం మీదుగా వెళ్లి చూసుకోవచ్చు, నచ్చకపోతే మళ్లీ లేవొచ్చు. రేడియోలో మొహమాటమూ వద్దు. "మినిమం ఫ్యూయల్" అంటే ఇకపై ఆలస్యం భరించలేనని చెప్పడమే, అంతమాత్రాన మిగతా విమానాల కంటే ముందు దిగే ప్రాధాన్యం ఇవ్వరు. రిజర్వ్ మిగలదని తేలితే "మేడే, మేడే, మేడే ఫ్యూయల్" అనాలి. మేడే అంటే ప్రాణాపాయంలో ఉన్నామని చెప్పే పిలుపు. ఆ మాటను నా విద్యార్థుల చేత నేల మీదే, నోరు తిరిగేదాకా పైకి అనిపిస్తాను.