వలపుకూ వలకూ చుట్టరికం లేదు

నిఘంటువు పనిలో ఉన్నానని తెలిస్తే చాలు, పెళ్లి పంక్తిలో కూడా పక్కనున్నవాళ్లు ఏదో ఒక మాట పుట్టుక చెబుతారు. మనసును లాగే మాటల మీద మరీ ఎక్కువ.

అపోహ: వలలో పడేస్తుంది కాబట్టి వలపు.

ఇప్పుడు పత్రికలు హనీట్రాప్‌ను ‘వలపు వల’ అంటున్నాయి కూడా. శీర్షికగా బాగుంది, కాదనను. కానీ చేపల వల వేరే మాట. తమిళంలో అది వలై, మలయాళంలో వల. వలపు వచ్చింది ‘వలచు’ నుంచి, దాని చుట్టం ‘వలయు’. ‘కావలయును’ అరిగి ‘కావాలి’ అయింది, ‘వలదు’ అరిగి ‘వద్దు’ అయింది. కొట్టు ముందు పిల్లాడు “చాక్లెట్ కావాలి” అని కాళ్లు నేలకేసి కొడుతుంటే, వాళ్లమ్మ “వద్దంటే వద్దు” అంటుంటే, ఆ రెండు నోళ్లలోనూ ఉన్నది వలపు ముక్కే.

పాత తెలుగులో వలపంటే పరిమళం కూడా. పద్యంలో పువ్వు వలచిందంటే వాసన వేసిందని. కొత్తలో నేనూ అలాంటి వలపుకు నిఘంటువు కార్డు మీద ‘ప్రేమ’ అని అర్థం రాసేసి, మా పనిలోని పెద్దాయన చేత కొట్టివేయించుకున్నాను.

అపోహ: వానపాము ఎర్రగా ఉంటుంది కాబట్టి దాని పేరు ‘ఎర్ర’, దాన్నుంచే ‘ఎర’.

చిన్నప్పుడు బోరింగు పక్కన తడి మట్టి తవ్వి, కొబ్బరిచిప్పలో ఎర్రలు పోగేసినవాళ్లకు ఇది నిజమనే అనిపిస్తుంది. మరి మలయాళంలో వానపాము ‘మణ్ణిర’, అంటే మట్టి ఇర. కన్నడంలో ‘ఎరెహుళు’. ఆ భాషల్లో ఎరుపుకు చువప్పు, కెంపు అనే వేరే మాటలున్నాయి. రంగు కథ అక్కడే తేలిపోయింది. తమిళ ‘ఇరై’ అంటే జంతువులు, పక్షులు తినే మేత. మన ఎర కూడా మొదట తిండే, గాలానికి తర్వాత ఎక్కింది. మలయాళ పత్రికల్లో నేరానికి బలైన మనిషినీ ‘ఇర’ అనే రాస్తారు.

అపోహ: ప్రలోభమంటే ఎన్నికల డబ్బు.

డబ్బే అక్కర్లేదు. ‘లుభ్’ ధాతువుకు ఆశపడటమని అర్థం. లోభీ, సంస్కృతంలో వేటగాణ్ణి చెప్పే లుబ్ధకుడూ అక్కడివాళ్లే. ఇంగ్లీషు ‘లవ్’ దీనికి దూరపు బంధువు.

అపోహ: డికాయ్‌కి, అంటే తోటివాటిని రప్పించి పట్టించేదానికి, తెలుగు మాట లేదు.

ఉంది, దీమం. మచ్చిక చేసిన లేడిని అడవిలో నిలబెట్టి, దాన్ని చూసి వచ్చే లేళ్లను పట్టేవారు. ఆ పెంపుడు లేడి దీమం. క్రైమ్ వార్తలు రాసే మిత్రుడికి చెప్పాను. నవ్వి, ‘డికాయ్ ఆపరేషన్’ అనే రాసుకున్నాడు.