పాత ట్రక్కులో పవర్ స్టీరింగ్ పంపు ఎందుకు మూలుగుతుంది?

ఏళ్ల తరబడి తిరిగిన ట్రక్కులో, ఇంజను వేగంతో పాటు హెచ్చుతూ తగ్గుతూ, స్టీరింగ్ తిప్పగానే గట్టిపడే ఒక మూలుగు మొదలైందంటే చాలామంది తప్పంతా పంపుదే అనుకుంటారు. పంపు మారుస్తారు, కొన్నాళ్లకే కొత్త పంపు కూడా అదే మోత అందుకుంటుంది. ఇలా జరిగినప్పుడు కొత్త పంపు నాసిరకమని అనుకోవడం తేలిక, కానీ చాలా సందర్భాల్లో అది నిజం కాదు. ఆయిల్ తిరిగే మూసిన దారిలో పంపు ఒక మజిలీ మాత్రమే. ఆ దారిలోకి గాలి దూరినా, లోహపు పొడి చేరినా, ఆయిల్ రాక సన్నగిల్లినా, ఆ బాధ మనకు వినిపించేది పంపు దగ్గరే. అందుకే పంపు మార్పిడి అంటే బోల్టులు విప్పి బిగించడం కాదని, ఆయిల్ దారిని మొత్తం శుభ్రం చేసి అందులోని గాలిని పూర్తిగా వెళ్లగొట్టడమే అసలు పని అని నా గట్టి అభిప్రాయం.

ఈ ఏర్పాటు వెనుక ఉన్న ఆలోచన దాదాపు నూరేళ్ల నాటిది. అమెరికాలోని పియర్స్-యారో కంపెనీ ట్రక్కుల విభాగంలో ఇంజనీరుగా పనిచేసిన ఫ్రాన్సిస్ డేవిస్, బరువైన బండ్లను మలుపు తిప్పడానికి డ్రైవర్లు పడే శ్రమను దగ్గరగా ఎరిగినవాడు. ఆయిల్ ఒత్తిడి సాయంతో తిరిగే స్టీరింగును ఆయన 1926లో నడిపి చూపించాడు. ఆయిల్‌ను ఎప్పుడూ ఒత్తిడిలో బిగబట్టి ఉంచకుండా, వాల్వును తెరిచే ఉంచి, ఆయిల్ తేలిగ్గా తిరుగుతూ ఉండేలా చేసి, డ్రైవరు స్టీరింగ్ తిప్పినప్పుడు మాత్రమే ఆ దారిని ఇరుకుచేసి ఒత్తిడి పుట్టించడం ఆయన పద్ధతిలోని కీలకం. కార్ల కొనుగోలుదారులకు ఈ సౌకర్యం 1951లో క్రైస్లర్ ఇంపీరియల్‌తో అందింది. పాత ట్రక్కుల స్టీరింగు నేటికీ ఇదే సూత్రం మీద నడుస్తోంది కాబట్టి, ఇంజను ఆడుతున్నంతసేపూ పంపు ఆయిల్‌ను తిప్పుతూనే ఉంటుంది. బండి తిన్నగా పోతున్నప్పుడు ఒత్తిడి కొద్ది బార్లకు మించదు (ఒక బారు అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి). నిలబడి ఉన్న బండి చక్రాలను తిప్పినప్పుడు మాత్రం అది 70 నుంచి 100 బార్ల దాకా ఎగబాకుతుంది. 80 బార్ల ఒత్తిడిలో నిమిషానికి 10 లీటర్ల ఆయిల్ కదులుతోందంటే అది సుమారు 1.3 కిలోవాట్ల శక్తి. ఆ కొద్ది సెకన్లూ ఆ భారమంతా ఒక సన్నని బెల్టు మీద పడుతుంది.

బాగా బరువైన ట్రక్కుల్లో ఈ పంపును ఇంజనులోని పళ్లచక్రాలే నేరుగా తిప్పుతాయి. నేను చెబుతున్నది బెల్టుతో తిరిగే రకం గురించి. ఆ పంపు లోపల ఒక గుండ్రని రోటరు ఉంటుంది. దాని చుట్టూ నిలువుగా కోసిన గాడుల్లో లోపలికీ బయటికీ జారే సన్నని ఉక్కు రెక్కలు, సాధారణంగా పది, ఉంటాయి. రోటరు తిరుగుతుంటే ఈ రెక్కలు బయటికి జరిగి, చుట్టూ ఉన్న కోలాకారపు ఉంగరం లోపలి గోడను రాసుకుంటూ పోతాయి. ఉంగరం కోలగా ఉండడం వల్ల రెండు రెక్కల నడుమ ఉన్న గది ఒకచోట వెడల్పై ఆయిల్‌ను నింపుకొని, మరోచోట ఇరుకై దాన్ని బయటికి నెట్టేస్తుంది. ఒక్క చుట్టులో ఇది రెండుసార్లు జరుగుతుంది. రెక్కలకూ పక్క పలకలకూ మధ్య ఖాళీ తల వెంట్రుక మందం కంటే తక్కువ. ఆ ఖాళీలో నిలిచే ఆయిల్ పొరే లోహాన్ని లోహంతో రాసుకోనివ్వకుండా కాపాడుతుంది. ఇంజను వేగం పెరిగే కొద్దీ పంపు అవసరానికి మించి ఆయిల్ తోడుతుంది గనుక, మిగులును తిరిగి లోపలికి మళ్లించే ఒక స్పూల్ వాల్వు, ఒత్తిడి హద్దు దాటకుండా చూసే రిలీఫ్ వాల్వు కూడా ఆ చిన్న పెట్టెలోనే ఇమిడి ఉంటాయి.

మూలుగు ఇంజను వేగాన్ని ఎందుకు అనుసరిస్తుందో ఈ నిర్మాణమే చెబుతుంది. ఇంజను నిమిషానికి 750 చుట్లతో ఆడుతోందనీ, పంపు కూడా అదే వేగంతో తిరుగుతోందనీ అనుకుంటే, రోటరు సెకనుకు పన్నెండున్నర చుట్లు తిరుగుతుంది. పది రెక్కలున్నాయి గనుక ఆయిల్ సెకనుకు 125 సార్లు తోపుగా బయటికి వస్తుంది. ఇంజను 3000 చుట్లకు చేరితే అది 500 అవుతుంది, స్వరం రెండు స్థాయిలు పైకి పోతుంది. ఆరోగ్యంగా ఉన్న పంపులోనూ ఈ తోపులుంటాయి, కాకపోతే మెత్తగా ఉంటాయి. ఆయిల్‌లో గాలి కలిసినప్పుడే అవి మొరటుగా మారతాయి.

ఇక్కడ ఒక అపోహను పక్కన పెట్టాలి. పంపు ఆయిల్‌ను లాగుతుందని మనం అనుకుంటాం గానీ, ద్రవాన్ని లాగడం సాధ్యం కాదు. పంపు తన గదిని ఖాళీ చేసి అక్కడ ఒత్తిడి తగ్గిస్తుంది. ఆయిల్ నిల్వ ఉండే డబ్బాలోంచి దాన్ని ఆ ఖాళీలోకి నెట్టేది బయటి వాతావరణమే. అంటే బయటికి నెట్టే వైపు పంపుకు వంద బార్ల బలం ఉన్నా, లోపలికి తెచ్చుకునే వైపు దానికి ఉన్న బలమంతా ఒక్క బారు మాత్రమే. డబ్బా అడుగున జల్లెడ పూడుకుపోయినా, చలికి ఆయిల్ చిక్కబడినా, పాత రబ్బరు గొట్టం లోపలి పొర ఊడి దారికి అడ్డుపడినా, ఆ ఒక్క బారు చాలదు. గొట్టం గట్టిపడి క్లిప్పు దగ్గర సందు ఏర్పడితే మరో చిక్కు. అటువైపు ఒత్తిడి బయటి గాలి కంటే తక్కువ కాబట్టి, ఇంజను ఆడుతున్నప్పుడు అక్కడ ఆయిల్ బయటికి కారదు, గాలే లోపలికి దూరుతుంది. చీలిన స్ట్రాతో తాగబోతే నోట్లోకి గాలి వచ్చినట్టే ఇదీ. కింద ఒక్క చుక్క ఆయిల్ పడకపోవడం చూసి, కారడం లేదు కాబట్టి గొట్టం బాగానే ఉందనుకునేవారు పొరబడేది సరిగ్గా ఈ చోటే.

సందు లేకపోయినా ఆయిల్‌లో గాలి లేకుండా ఉండదు. మామూలు ఒత్తిడిలో ఖనిజ తైలం తన ఘనపరిమాణంలో దాదాపు 9 శాతం గాలిని కరిగించుకొని ఉంచుకోగలదు. అది కరిగి ఉన్నంతసేపూ ఏ హానీ లేదు. ఒత్తిడి తగ్గితే కరిగిన వాయువు తగ్గిన మేరకు బయటపడుతుందని 1803లో ఇంగ్లండు రసాయన శాస్త్రవేత్త విలియం హెన్రీ చెప్పిన నియమం ప్రకారం, లోపలికి వచ్చే దారిలో ఒత్తిడి బాగా పడిపోతే ఈ గాలి బుడగలై పైకి వస్తుంది. ఆ బుడగలు రెప్పపాటులో అధిక ఒత్తిడి వైపు చేరి ఒక్కసారిగా నలిగిపోతాయి. ద్రవంలోని బోలు బుడగ కూలిపోయేటప్పుడు దాని చుట్టూ ఎంత ఒత్తిడి పుడుతుందో 1917లో భౌతిక శాస్త్రవేత్త లార్డ్ రేలీ లెక్కగట్టాడు. బుడగ చిన్నదవుతున్న కొద్దీ ఆ ఒత్తిడి హద్దుల్లేకుండా పెరుగుతుందని ఆ లెక్కలో తేలింది. ఓడల ప్రొపెల్లర్ల మీద గుంటలు పడడానికీ, పంపు పలకల మీద సన్నని తొర్రలు పడడానికీ మూలం ఇదే. మనకు వినిపించే మూలుగు వేలకొలదీ బుడగలు ఇలా నలిగే చప్పుడు. అది విన్నాక కూడా నెలల తరబడి బండి నడిపితే, మొదట్లో ఏ దోషమూ లేని పంపు చివరకు నిజంగానే పాడవుతుంది.

కాబట్టి స్పానరు పట్టుకునే ముందు డబ్బా మూత తీసి చూడడం అన్నిటికన్నా మేలైన పరీక్ష. ఆయిల్ పాలు కలిసినట్టు తెల్లగా, నురగగా ఉంటే గాలి దూరుతోందని అర్థం. మాడిన వాసనతో నల్లబడితే అది వేడికి చెడిపోయింది. వేలికి రాసుకుంటే వెలుగులో తళతళలాడితే లోహం అరుగుతోంది, అప్పుడు పంపు మార్పు తప్పదు. చలిలో మొదటి కొద్ది నిమిషాలే మోత ఉండి తర్వాత తగ్గితే జల్లెడనూ, ఆయిల్ రకాన్నీ అనుమానించాలి. స్టీరింగును చివరిదాకా తిప్పినప్పుడు మాత్రమే వినిపించే బుసను రిలీఫ్ వాల్వు సహజ శబ్దంగా వదిలేయవచ్చు. కీచుమని అరిచేది సాధారణంగా జారుతున్న బెల్టే. స్టీరింగు తిప్పినా తిప్పకపోయినా మారకుండా గరగరలాడితే అది బేరింగు. బెల్టు తీసి ఇంజనును కొద్ది క్షణాలు ఆడించి చూస్తే సందేహం చాలావరకు తీరుతుంది, కానీ అదే బెల్టు మీద ఆల్టర్నేటరో నీళ్ల పంపో ఉంటే అవి కూడా ఆగిపోతాయని గుర్తుంచుకోవాలి.

పంపు మార్చాలనే తేలితే, దాన్ని ఊడదీయడం పెద్ద కష్టం కాదు. ఇంజను చల్లారాక బెల్టు వదులుచేసి, కింద తొట్టె పెట్టి, గొట్టాలు విప్పి, బోల్టులు తీస్తే పంపు చేతికి వస్తుంది. ఒత్తిడి గొట్టపు నట్టు పాత బండ్లలో తుప్పుతో బిగిసి ఉంటుంది గనుక, మామూలు స్పానరుతో దాని మూలలు అరిగిపోతాయి. నట్టును చుట్టూ పట్టుకునే లైన్ స్పానరు వాడాలి. ఆ గొట్టం బిగిసే ఫిట్టింగు వెనుకే కొన్ని పంపుల్లో స్పూల్ వాల్వూ దాని స్ప్రింగూ ఉంటాయి, ఫిట్టింగు విప్పగానే అవి జారిపడకుండా చూసుకోవాలి.

బెల్టు ఎక్కే చక్రం, అంటే పుల్లీ దగ్గర మాత్రం తొందర పనికిరాదు. చాలా రకాల్లో అది షాఫ్టు (రోటరును తిప్పే ఇరుసు) మీద బిగుతుగా నొక్కి ఎక్కించినదే తప్ప నట్టుతో నిలిచేది కాదు. సుత్తితో కొట్టి ఎక్కించడం కంటికి కనిపించని నష్టం. ప్రతి దెబ్బా షాఫ్టు గుండా రోటరుకు చేరి, వెంట్రుక మందమైనా లేని ఆ ఖాళీని మూసేస్తూ దాన్ని పక్క పలక మీదికి గుద్దుతుంది. కొత్త పంపు తొలి రోజునుంచే మోత పెట్టడానికి ఇదీ ఒక కారణం. పుల్లీని లాగి తీసే పనిముట్టు, అంటే పుల్లరుతో తీసి, షాఫ్టు కొసన ఉన్న మరలో బిగించే పనిముట్టుతో నెమ్మదిగా నొక్కి, పాత పంపులో ఎంత లోతు ఉందో అంతే లోతుకు ఎక్కించాలి. లోతు తేడా వస్తే బెల్టు వాలుగా నడిచి, కొన్నాళ్లకు బేరింగును తినేస్తుంది.

పాత పంపు అరిగి రాల్చిన లోహపు పొడి దానితో పాటు పోదు. గొట్టాల్లో, స్టీరింగ్ గేర్ బాక్సులో, డబ్బా అడుగున పేరుకొని, కొత్త పంపు తొలి చుట్టుకే దానిలోకి వచ్చి చేరుతుంది. డబ్బాను కడగడంతో సరిపెట్టకుండా, వెనక్కి వచ్చే గొట్టాన్ని ఊడదీసి తొట్టెలో పెట్టి, డబ్బా వైపు ఆ రంధ్రాన్ని మూసి, ముందు చక్రాలను స్టాండ్ల మీద ఎత్తి, ఇంజను ఆపే ఉంచి, స్టీరింగును ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పుతూ కొత్త ఆయిల్ పోస్తూ పోవాలి. తొట్టెలోకి తేటగా వచ్చేదాకా ఆపకూడదు. లోపలికి తెచ్చే గొట్టం చవకైనది, దాన్నీ దాని క్లిప్పులనూ ఈ పనిలోనే మార్చేయడం మంచిది. ఆయిల్ విషయంలో బండి పుస్తకం చెప్పిందే వేదం. కొన్ని బండ్లకు ఆటోమేటిక్ గేర్ బాక్సు ఆయిల్, కొన్నింటికి ప్రత్యేకమైన స్టీరింగ్ ఆయిల్ కావాలి. తప్పు రకం పోస్తే సీళ్లు ఉబ్బడమో, గట్టిపడడమో జరుగుతుంది.

ఆ తర్వాత వచ్చేది గాలి తీయడం. ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఆయిల్ నింపగానే ఇంజను వేస్తే, దారిలో ఉన్న పెద్ద గాలి ముద్దలను రోటరు రెక్కలు చిదిమి సన్నని నురగగా మార్చేస్తాయి. చిక్కని ద్రవంలో చిన్న గోళం కదిలే వేగం దాని వ్యాసపు వర్గాన్ని బట్టి ఉంటుందని భౌతిక శాస్త్రవేత్త జార్జ్ స్టోక్స్ 1851లో చూపించాడు. గోరువెచ్చని ఆయిల్‌లో ఒక మిల్లీమీటరు బుడగ పది సెంటీమీటర్లు పైకి తేలడానికి ఆరేడు సెకన్లు చాలు. అదే బుడగ పదో వంతు వ్యాసానికి చిన్నదైతే అదే దూరానికి పది నిమిషాలకు పైగా పడుతుంది. అంతసేపు ఆయిల్ నిలకడగా ఉండదు గనుక ఆ నురగ తిరుగుతూనే ఉంటుంది, మోత పోదు. అందువల్ల చక్రాలు నేలను తాకకుండా, ఇంజను వేయకుండా, స్టీరింగును నిదానంగా ఇటూ అటూ ఇరవై సార్ల దాకా తిప్పుతూ, డబ్బాలో మట్టం తగ్గినప్పుడల్లా పోస్తూ, బుడగలు రావడం ఆగిందని చూశాకే ఇంజను వేయాలి. చేతి వ్యాక్యూమ్ పంపు దొరికితే పని ఇంకా తేలిక. డబ్బా మీద ఒత్తిడిని వాతావరణంలో మూడో వంతుకు తగ్గిస్తే బుడగ ఘనపరిమాణం మూడింతలై, పైకి తేలే వేగం రెట్టింపవుతుంది. ముడతల్లో దాక్కున్న గాలి కూడా ఉబ్బి బయటికి వస్తుంది. కొన్ని పాత డీజిల్ ట్రక్కుల్లో బ్రేకు బలాన్నీ ఇదే పంపు అందిస్తుంది. అలాంటి బండ్లలో ఇంజను వేశాక స్టీరింగుతో పాటు బ్రేకు పెడలును కూడా పలుమార్లు తొక్కి వదిలితేనే ఆ మూలనున్న గాలి కదులుతుంది.

ఇంజను ఆడుతున్నప్పుడు స్టీరింగును చివరన ఐదు సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు. అప్పుడు ఆయిల్ ఎటూ పోలేక రిలీఫ్ వాల్వు గుండానే తిరుగుతూ, పంపు తీసుకున్న శక్తినంతటినీ వేడిగా మార్చుకుంటుంది. ఒత్తిడి గొట్టం ఎక్కడైనా చెమ్మగిల్లితే చేత్తో తడిమి చూడకూడదు, ఎందుకంటే ఆ ఒత్తిడిలో సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి దూరగలదు, ఆ గాయానికి వెంటనే ఆసుపత్రి కావాలి. వేడి సైలెన్సరు గొట్టం మీద పడిన ఆయిల్ అంటుకుంటుంది గనుక ఒలికినదంతా తుడిచేయాలి.

ఇంత చేశాక కూడా బండి క్యాబిన్‌లో సన్నని మూలుగు వినిపిస్తుంటే, ఒత్తిడి గొట్టం ఛాసిస్‌కో బాడీకో తగులుతోందేమో చూడాలి. పంపు తోపులు ఆ రేకును తంతే అదే మోత పెద్దదై వినిపిస్తుంది, గొట్టాన్ని ఒక వేలు పక్కకు జరిపితే పోతుంది. మర్నాడు చల్లని ఇంజను మీద మట్టమూ రంగూ మళ్లీ చూడాలి. రాత్రంతా నిలిచిన ఆయిల్ తేటపడి మట్టం కొంత తగ్గి ఉంటే, మిగిలిన గాలి కూడా పోయిందని లెక్క, తగ్గినంత పోస్తే సరిపోతుంది. ఒక రోజంతా నడిపినా నురగ తగ్గకపోతే గాలి ఇంకా ఎక్కడినుంచో దూరుతోంది. అప్పుడు వెతకాల్సింది లోపలికి తెచ్చే గొట్టం క్లిప్పులనూ, పంపుకూ డబ్బాకూ మధ్య ఉన్న ఓ-రింగునూ (సందు మూసే రబ్బరు ఉంగరం), చివరిగా షాఫ్టు సీలునూ.