శుభ్రంగా కనిపించే చేతుల్ని ఎలా కడిగించాలి?

చేతులు కడుక్కోండి అని గోడ మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా చదివి వెళ్లిపోతాం, ఎందుకంటే చెయ్యి చూసుకుంటే శుభ్రంగానే ఉంటుంది. ఆరోగ్య ప్రదర్శనలు పెట్టేవాళ్ల అసలు చిక్కు ఇదే, ఇది ఉపన్యాసాలతో తీరదు.

దీన్ని బాగా పట్టుకున్నది డాక్టర్ కాదు, ఓడోల్ అనే మౌత్‌వాష్ అమ్మి బాగా సంపాదించిన జర్మన్ వ్యాపారి కార్ల్ ఆగస్ట్ లింగ్నర్. 1911లో ఆయన చొరవతో డ్రెస్డెన్‌లో జరిగిన అంతర్జాతీయ పరిశుభ్రత ప్రదర్శనకు 50 లక్షల మందికి పైగా వచ్చారు. అక్కడ ‘మనిషి’ అనే విభాగంలో, నిజమైన అవయవాలనే రసాయనాలతో గాజులా మార్చి లోపలి నిర్మాణం కనిపించేలా పెట్టారు. ఇలా చెయ్యి, అలా చెయ్యకు అనడానికి ముందు నీ ఒళ్లు ఇలా ఉంటుంది అని చూపించారన్నమాట. ఆ తర్వాత ఏర్పడ్డ పరిశుభ్రతా మ్యూజియం 1930లో ‘గాజు మనిషి’ని తెచ్చింది, పారదర్శకమైన ఆ బొమ్మలో అవయవాలు ఒక్కొక్కటే వెలిగేవి. కానీ నాజీల కాలంలో అదే మ్యూజియం జాతి శుద్ధి ప్రచారానికీ పనిచేసింది, కాబట్టి బొమ్మ ఎంత బాగుందో ఒక్కటే చూస్తే చాలదు, అది ఏం చెబుతోందో కూడా అడగాలి.

ఇప్పటి ప్రదర్శనల్లో నాకు బాగా నచ్చేది మెరిసే జెల్ ప్రయోగం. జెల్ రాసుకుని, రోజూ కడుక్కున్నట్టే కడుక్కుని, అతినీలలోహిత దీపం కింద చేతులు పెడితే గోళ్ల అంచులు, బొటనవేలు, వేళ్ల సందులు మెరుస్తుంటాయి. అవి క్రిములు కావు, సబ్బు అందకుండా మిగిలిపోయిన చోట్లు. సబ్బు అణువుకు ఒక కొస నీటిని, ఇంకో కొస కొవ్వును పట్టుకుంటుంది, జిడ్డునీ దానికి అంటుకున్న క్రిములనీ అలాగే వదిలిస్తుంది, కొన్ని వైరస్‌ల కొవ్వు పొరను చీల్చేస్తుంది కూడా. అయితే రుద్దాలి, కనీసం 20 సెకన్లు. దీపం పక్కనే కుళాయి, సబ్బు ఉంటే మళ్లీ కడిగి చూసుకోవచ్చు, నేర్చుకోవడం అక్కడే జరుగుతుంది.

ఎంతమంది వచ్చారన్న లెక్క మాత్రం పెద్దగా ఏమీ చెప్పదు. ఇంటికెళ్లాక కడుక్కుంటున్నారా అని అడిగితే చాలామంది అవుననే అంటారు, ఎవరైనా పక్కన ఉండి గమనిస్తుంటే మామూలుకన్నా ఎక్కువే కడుక్కుంటారు. అందుకే కొందరు పరిశోధకులు సబ్బు బిళ్ల లోపలే కదలికను పసిగట్టే సెన్సర్ పెట్టి, ఎవరూ చూడనప్పుడు దాన్ని ఎన్నిసార్లు వాడారో కొలిచారు.