జననాలు తగ్గిన 34 ఏళ్లకు తగ్గిన జనాభా

జపాన్‌లో సంతానోత్పత్తి రేటు, అంటే ఒక స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య, 1974లోనే 2.1 కంటే కిందికి దిగింది. జనాభా మాత్రం 2008 దాకా పెరుగుతూనే ఉంది, దాదాపు 12.8 కోట్ల దగ్గర ఆగింది. ప్రభుత్వాలన్నీ పొరబడేది ఈ రెంటి మధ్య గడిచే కాలంలోనే.

ఒక తరం స్థానంలో మరో తరం నిలవాలంటే స్త్రీకి సగటున 2.1 మంది పిల్లలు కావాలి. ఆ అదనపు 0.1 ఎందుకంటే, మగపిల్లలు కాస్త ఎక్కువగా పుడతారు, కొందరు ఆడపిల్లలు పెద్దయ్యేలోపే చనిపోతారు. రేటు పడిపోయినా, అంతకుముందు భారీగా పుట్టినవాళ్లు కనే వయసులో ఉన్నంతకాలం కాన్పులు తగ్గినట్టు కనిపించవు. 1973లో జపాన్‌లో పుట్టిన 20.9 లక్షల మందిలో చాలామంది యుద్ధానంతరం 1947-49లో పుట్టినవారి పిల్లలే. వీళ్లు పెళ్లీడుకొచ్చేసరికి స్థిరమైన ఉద్యోగాలు కరవయ్యాయి, పెళ్లిళ్లు వాయిదా పడ్డాయి. రావాల్సిన మూడో విడత పెరుగుదల రానేలేదు. 2024లో పుట్టినవారు 7 లక్షల లోపే.

దక్షిణ కొరియాది ఇంకా విచిత్రం. 1962లో కుటుంబ నియంత్రణ మొదలైనప్పుడు రేటు 6కు అటూఇటూ. 1983కల్లా 2.1కు చేరింది. అయినా నియంత్రణ విధానాన్ని 1996 దాకా వదల్లేదు. 2023లో రేటు 0.72.

0.72 అంటే ఏమిటో లెక్క చూడండి. 100 మంది స్త్రీలకు 72 మంది పిల్లలు, అందులో ఆడపిల్లలు 35. ఆ 35 మందికీ అదే రేటున 25 మంది, వారిలో ఆడపిల్లలు 12. రెండు తరాల్లో వంద కాస్తా పన్నెండు.

మొదట్లో ఇది లాభంగానే కనిపిస్తుంది. పోషించాల్సిన పిల్లలు తక్కువ, సంపాదించే చేతులు ఎక్కువ. అందుకే రెండు మూడు దశాబ్దాల పాటు ఎవరికీ కంగారుండదు. దెబ్బ వరుసగా తగులుతుంది: ముందు ప్రసూతి వార్డులకు, ఆరేళ్లకు ఒకటో తరగతికి, ఇరవై ఏళ్లకు ఉద్యోగ నియామకాలకు. జపాన్‌లో 15-64 ఏళ్లవారి సంఖ్య 1995లోనే గరిష్ఠానికి చేరి, ఆపై తగ్గుముఖం పట్టింది.

అన్నిటికంటే చిక్కు పింఛనుది. చాలా దేశాల్లో వృద్ధులకు ఇచ్చేది వాళ్లు దాచుకున్న సొమ్ము కాదు, ఇప్పటి ఉద్యోగులు కడుతున్న చందా. నలుగురి చందాతో ఒకరికి పింఛను నడిచేచోట ఇద్దరే మిగిలితే చందా రెట్టింపవ్వాలి, లేదా పింఛను సగమవ్వాలి, లేదా పదవీ విరమణ వయసు పెరగాలి. ఓట్లలో వృద్ధుల వాటా పెరిగేకొద్దీ రెండో దారి మూసుకుపోతుంది. వృద్ధుల సంరక్షణ ఖర్చు వేరే. దానికోసం జపాన్ 2000లో, 40 ఏళ్లు దాటినవారంతా చందా కట్టే బీమా పెట్టింది.

బలవంతం పనిచేయదని రుమేనియా చూపించింది. 1966లో గర్భస్రావాలను దాదాపుగా నిషేధిస్తే రేటు ఏడాదిలో 1.9 నుంచి 3.7కు ఎగబాకింది. కొన్నేళ్లకే మళ్లీ దిగింది. చాటుమాటు గర్భస్రావాలతో తల్లుల మరణాలు మాత్రం 1989లో ఆ చట్టం పోయేదాకా భారీగానే కొనసాగాయి.

ఒకవేళ నేడే రేటు పెరిగినా, ఆ బిడ్డలు చందా కట్టే వయసుకు రావడానికి ఇరవై ఏళ్లు పైనే పడుతుంది. అప్పటిదాకా సంపాదించే ఆ కొద్దిమందే ఇటు పసివాళ్లనూ అటు వృద్ధులనూ పోషించాలి.